మూతచెంబు మీద పేరు

మా అవ్వ దగ్గర ఒక చెంబు ఉంది. చెంబు అని మేం అంటాం గానీ బయటివాళ్లు చూస్తే ఎవరూ అలా అనరు. ఊరగాయ జాడీలు చేసే మట్టితో చేసిన పొడుగాటి లోటా అది. పక్కన చెయ్యి దూరేంత పిడి, పైన తగరం మూత. బొటనవేలితో నొక్కితే మూత లేస్తుంది, వదిలితే టక్కుమని పడుతుంది. ఒంటి మీద మూడు రంగుల డాలు బొమ్మ, దాని పక్కన చిక్కుపడ్డ దారంలా మెలికలు తిరిగిన ఒక గుర్తు. మూత మీద మాత్రం చుక్కలు చుక్కలుగా, తెలుగులో, మా అవ్వ పేరు.

మా ఇంట్లో దాన్ని మూతచెంబు అంటారు. అంటారు అని రాశాను గానీ నిజానికి దాని ఊసు ఎవరూ ఎత్తరు. చిన్నప్పుడు మేం ఎత్తితే వీపు మోగేది. కేతేపల్లి ఇంట్లో వడ్లు పోసే గుమ్మి అడుగున, గోనెపట్టా చుట్టుకుని పడి ఉండేది. ఏడాదికోసారి గుమ్మి ఖాళీ చేసినప్పుడు దాన్ని చూసేవాళ్లం. మళ్లీ కొత్త వడ్లు పడేవి, మరిచిపోయేవాళ్లం. అది బీరు తాగే లోటా అనీ, జర్మనీలో అలాంటివాటిని వేలం వేస్తారనీ నాకు తెలిసేసరికి నలభై దగ్గర పడ్డాయి.

తెలియడానికి కారణం ఒక క్యాలెండరు. నేను చౌటుప్పల్ దగ్గర ఒక మందుల కంపెనీలో పనిచేస్తాను. కాగితాలు సరిచూడటం నా పని. ఏ మందు ఏ పూట ఎవరు తూచారు, ఎవరు కలిపారు, ఎవరు సంతకం పెట్టారు, ఇవి. సంతకం లేకపోతే ఆ పని జరగనట్టే లెక్క అని రోజుకు నాలుగుసార్లు ఎవరినో ఒకరిని కసురుకుంటే గానీ నా డ్యూటీ అయినట్టుండదు. ఇంట్లో కూడా ఇదే గుణమని మా ఆయన అంటాడు. రాష్ట్రం వచ్చిన రెండు మూడేళ్లకు, మా కంపెనీకి యంత్రాలు అమ్మే ఒక జర్మనీ సంస్థ గోడ క్యాలెండరు పంపింది. ఒక్కో నెలకు ఒక్కో రకం పాత వస్తువు. ఆగస్టు పేజీ తిప్పేసరికి మా గుమ్మిలోని మూతచెంబు ఎనిమిది తొమ్మిది రంగుల్లో, ఒక చెక్క అర మీద వరుసగా నిలబడి ఉంది.

కింద రాసిన రెండు వాక్యాలను ఫోనులో తర్జుమా చేసుకుని చదివాను. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు. లంచ్ టైములో ఒక పేజీ, బస్సులో ఒక పేజీ అంటూ మొదలైంది. కరోనా వచ్చి బయట తిరగడం బందయ్యాక పూర్తిగా అందులో పడిపోయాను. పక్కింటివాళ్లు టీవీలో సీరియళ్లు చూస్తే నేను జర్మనీ వేలాలు చూశాను.

నాకు అర్థమైనంతవరకు సంగతి ఇది. వంద, నూటయాభై ఏళ్ల కిందట అక్కడి యూనివర్సిటీల్లో చదివే మగపిల్లలు సంఘాలుగా ఉండేవాళ్లు. ఒక్కో సంఘానికి ఒక్కో రంగుల పట్టీ, ఒక టోపీ, ఒక డాలు, ఒక గుర్తు. కొత్తగా చేరినవాడికి పాతవాడు ఒకడు అన్నలా ఉండి దారి చూపేవాడు. వీళ్లు ఒకరికొకరు ఇలాంటి లోటా చేయించి కానుకగా ఇచ్చుకునేవారు. మూత మీద ఇద్దరి పేర్లూ చెక్కించేవారు. ఆ చెక్కడానికి ఒక పద్ధతి ఉంది. ముందు ఇచ్చినవాడి పేరు, నడుమ రెండు పొట్టి అక్షరాలు, ఆ తర్వాత పుచ్చుకున్నవాడి పేరు. నడుమ ఉన్న ఆ రెండక్షరాలకు 'తన ప్రియమైన' అని అర్థమట. ఎన్ని వందల మూతలు చూశానో, అన్నింటి మీదా అదే వరుస. చివరికి ఆ లిపి చదవడం రాకపోయినా ఎక్కడ ఏముంటుందో కళ్లు మూసుకుని చెప్పగలిగే దశకు వచ్చాను.

ధరలే అంతుపట్టేవి కావు. నేను గొర్రెలు కాసే ఇంట్లో పుట్టినదాన్ని, యూరోల కన్నా గొర్రెలు నాకు బాగా అర్థమవుతాయి కాబట్టి వాటిల్లోనే లెక్క వేసుకునేదాన్ని. ఒక లోటా ఒక పొట్టేలు ధరకు పోతుంది. దాని పక్కనే, నా కంటికి అచ్చం అలాంటిదే, ఇరవై గొర్రెల ధరకు పోతుంది. వేలం పెట్టేవాళ్లు రాసే వివరాలు చదవగా చదవగా కొంత తెలిసింది. ముందు ఒళ్లు చూస్తారు. వేలితో కొట్టి చెవి పెట్టి వింటారట, సన్నని పగులున్నా మోత మారుతుందని. మా అమ్మ కుమ్మరి దగ్గర కుండ కొనేటప్పుడు చేసేదీ ఇదే. తర్వాత బొమ్మ. చేత్తో గీసిందైతే ఒక ధర, అచ్చు వేసిందైతే ఇంకో ధర. రంగు వెలిసిందని ఎవరైనా మళ్లీ పూస్తే ఉన్నది కూడా పోతుంది. మూత మొదటినుంచీ దానిదేనా, వేరేదాని మూత తెచ్చి బిగించారా అన్నది ఇంకా పెద్ద విషయం. అన్నిటికన్నా వింత ఏమిటంటే, దాన్ని తోమకూడదు. తగరానికి ఏళ్ల తరబడి పట్టిన నలుపు అలాగే ఉండాలి. చింతపండు, బూడిద పెట్టి తళతళలాడించారంటే కొనేవాడు మొహం తిప్పుకుంటాడు. మా వైపు ఆడవాళ్లకు ఈ మాట చెప్పి చూడండి, మిమ్మల్ని బద్ధకస్తుల కింద జమకడతారు.

ఇవన్నీ ఒక ఎత్తు, పేర్లు ఒక ఎత్తు. మూత మీద పేర్లు చదవడానికి వీలుగా ఉండి, ఆ ఇద్దరూ ఎవరో ఆ సంఘం పాత రికార్డుల్లో దొరికితే ధర ఒక్కసారిగా లేస్తుంది. ఆ సంఘాల్లో కొన్ని ఇప్పటికీ ఉన్నాయట. వాటిల్లో చదువుకుని, సంపాదించి, ముసలివాళ్లయినవాళ్లు తమ రంగుల లోటా వేలానికి వస్తే వదలరు. ఎంత చిన్న సంఘమైనా సరే, ఇద్దరు ముసలివాళ్లు ఒకే రోజు పంతం పట్టి కూర్చుంటే ఇరవై గొర్రెలు. ఒక్కడే కూర్చుంటే పొట్టేలు. ఇందులో నాకు వింతేమీ అనిపించలేదు. మా చౌటుప్పల్‌లో వేలమంటే వినాయకుడి లడ్డు. అందులో శనగపిండి ఎంతో, చక్కెర ఎంతో అందరికీ తెలుసు. అయినా రెండు కాలనీల పెద్దమనుషులు ఎదురెదురుగా కుర్చీలు వేసుకుని కూర్చుంటే ఆ లడ్డు లక్షలు పలుకుతుంది. చుట్టూ నిలబడి చూసేవాళ్లు లేకపోతే పదో వంతు కూడా పలకదు.

పేరు ఉంటే ధర పెరగడం మాత్రం మింగుడు పడలేదు. మా దగ్గర పేరున్న పాత గిన్నెను దుకాణంలో పెడితే తూకం వేసి పాత ఇత్తడి కింద కడతారు. పేరు అంటే ఆ గిన్నె ఇంకొకరిది అని. మా ఊళ్లో పెళ్లి గానీ పెద్దకర్మ గానీ జరిగితే నాలుగిళ్ల గిన్నెలు ఒకచోట చేరతాయి. కార్యం అయ్యాక పేరు చూసుకుని ఎవరివి వాళ్లు పట్టుకుపోతారు. అందుకే కొత్త గిన్నె ఇంటికి వచ్చిందంటే పొయ్యి మీదకన్నా ముందు పేరు కొట్టించడానికి పోతుంది. మనింట్లో ఇంకొకరి పేరున్న గిన్నె కనబడితే అంతకన్నా తలవంపు లేదు. ఎందుకు తిరిగి ఇవ్వలేదని అడుగుతారు, లేదా అడగకుండా అనుకుంటారు. రెండోది ఇంకా అన్యాయం.

మూతచెంబుకు జరిగింది ఇదే. ఇంట్లో అరకొరగా విన్నది కలిపి చెబుతాను. నేను పుట్టకముందు, మా వైపు నీళ్లలో ఫ్లోరైడు ఎంతుందో చూడటానికి, బోర్లు వేయడానికి ఒక బృందం వచ్చి ఊరి బయట గుడారాలు వేసింది. అందులో ఒక జర్మన్ ముసలాయన ఉండేవాడు. మా తాత రోజూ పొద్దున్నే మేకపాలు తీసుకుపోయి ఆయనకు పోసేవాడు. ఒకరి మాట ఒకరికి ఒక్క ముక్క అర్థం కాదు. అయినా పాలు పోసి వెంటనే వచ్చేవాడు కాదట, ఇద్దరూ చెరో రాయి మీద కూర్చుని పొద్దెక్కేదాకా ఏవో చెప్పుకునేవారట. పని అయిపోయి పోయేరోజు ముసలాయన ఆ చెంబును తాత చేతుల్లో పెట్టాడు. వారం తిరక్కుండా అవ్వ దాన్ని నకిరేకల్‌లో గిన్నెల దుకాణానికి తీసుకుపోయి, మూత మీది పరాయి రాతంతా గీకించి, తన పేరు కొట్టించుకుంది. ఇంట్లో గిన్నెలు ఆడవాళ్లవి కాబట్టి ఆమె పేరే వేయమని తాత అన్నాడట.

నెల తర్వాత గుడారాల సామాను లెక్క చూడటానికి మనుషులు వచ్చారు. ఎవరో చెప్పారు, ఫలానా ఇంట్లో ముసలాయన చెంబు ఉందని. వచ్చి చూశారు. మూత గీకి ఉంది. ఇచ్చినదైతే పేరు ఎందుకు గీకావు అని అడిగారు. వాళ్ల జాబితాలో అలాంటి వస్తువేదీ లేదు కాబట్టి తీసుకోకుండానే పోయారు. కానీ ఊరికి జాబితాతో పనేముంది? అప్పటినుంచి ఏ పెళ్లిలో గిన్నె తక్కువైనా ఎవరో ఒకరు తాత వైపు చూసి నవ్వేవారు. ఆయన పంక్తి భోజనాలకు పోవడం మానేశాడు. నాకు ఎనిమిదేళ్లప్పుడు పోయాడు. అవ్వ ఆ చెంబును పారేయలేదు, వాడలేదు, గుమ్మి అడుగున దాచింది.

ఇదంతా తెలిసి కూడా నాకు ఆశ పుట్టింది. ఉన్నమాట చెబుతాను, చౌటుప్పల్‌లో ఒక ప్లాట్ కొనాలని అప్పటికే ఐదారేళ్లుగా అనుకుంటున్నాం, ప్లాట్ల ధరలు మాకన్నా జోరుగా పరుగెత్తుతున్నాయి. ఇరవై గొర్రెలకు ప్లాట్ రాదని నాకూ తెలుసు. కానీ వేలాలు చూసీ చూసీ బుద్ధి అలా తయారైంది. ఊళ్లో మా చిన్నబాపుకు, అంటే మా నాన్న తమ్ముడికి, ఫోన్ చేసి మూతచెంబు ఫొటోలు పంపమన్నాను. బాపు పోయాక అవ్వ ఆయన దగ్గరే ఉంటోంది. ఆయన గొర్రెల అంగట్లో బేరాలు చేసే మనిషి; నాలుగు వైపుల నుంచీ తీశాడు, పళ్లు చూపించినట్టు మూత ఎత్తి కూడా తీశాడు. ఆ ఫొటోలను జర్మనీలో ఒక చిన్న ఊళ్లోని వేలం దుకాణానికి పంపాను.

పది రోజులకు మర్యాదగా జవాబు వచ్చింది. బొమ్మ చేత్తో గీసిందే, సంఘం చిన్నది, అరుదైనది, ఒంటికి పగుళ్లు లేవు. అయితే మూత మీది లిపి మాకు తెలియదు. అంతకుముందు అక్కడ ఎవరెవరి పేర్లు ఉండేవి? ఎవరు తీశారు? ఈ వస్తువు మీ కుటుంబానికి ఎలా చేరింది? దానికి కాగితం గానీ, చూసినవారి మాట గానీ ఏమైనా ఉందా? ధర వీటి మీదే ఆధారపడి ఉంటుంది.

చదివి ముచ్చటపడ్డాను. అచ్చం నేను ఆఫీసులో అడిగే ప్రశ్నలు. మరుసటి ఆదివారం బస్సెక్కి కేతేపల్లి పోయాను.

అవ్వ వాకిట్లో కూర్చుని చేటలో పెసర్లు ఏరుతోంది. ఎనభై దాటినా ఆమెకు కళ్లజోడు లేదు. నేను పక్కన కూర్చుని, నీళ్లు తాగి, ఆఫీసులో అడిగినట్టే అడిగేశాను.

"అవ్వా, గా మూతచెంబు మనింటికి ఎట్లొచ్చింది?"

చేట ఆగింది. "నువ్వు గూడ అడుగుతున్నవా?" అంది.

అప్పుడైనా నోరు మూసుకోవలసింది. "నేను గాదవ్వా, జర్మనోళ్లు అడుగుతున్నరు" అన్నాను.

ఆమె చేట పక్కన పెట్టి, గోడ పట్టుకుని లేచి లోపలికి పోయింది. గుమ్మి అడుగున మిగిలిన కొద్దిపాటి వడ్లు చేతులతో తోడి నేల మీద పోస్తుంటే వద్దని పట్టుకున్నాను, విదిలించుకుంది. గోనెపట్టాతో సహా చెంబు తెచ్చి నా ముందు పెట్టింది. ఆయాసంతో రొమ్ము ఎగిరెగిరి పడుతోంది.

"గిన్నేండ్లకు యాదికొచ్చిందా వాళ్లకు? పంపియ్యి. ఇయ్యాల్నే పంపియ్యి. దొంగసొమ్ము తిన్న ఇల్లు గాదిది."

"అవ్వా, గట్ల గాదు..."

"నేను సూసిన బిడ్డా. నా కండ్లతోని సూసిన. గాయిన రెండు చేతులతోని ఇచ్చిండు. మూత మీద వేలు వెట్టిండు, మల్ల మీ తాత రొమ్ము మీద వేలు వెట్టిండు. గట్ల రెండు మూడు సార్లు చేసిండు. నా పేరున్నది తీసేసి నీ పేరు ఏసుకో అంటున్నడని నేనే చెప్పిన మీ తాతకు. పరాయిపేరు ఇంట్ల ఉండొద్దని నేనే గీకిచ్చిన. దొంగతనం అయితే మల్ల నకిరేకల్ దుకాండ్ల నలుగురి ముంగట పెడ్తమా?"

ఆమె కాసేపు చెంబు వైపు చూసింది.

"గాయిన పోయే ముంగట్రోజు గుడారంల ఒక్కతీరు ఠకఠక సప్పుడట. మీ తాత పాలు వొయ్యవోతే లోపలికి రానియ్యక నవ్విండట గా ముసలాయన. గంత మంచిగున్నోళ్లు. గాయిన ఇంక రెండు నెలలు ఉన్నా అయిపోవు, సాక్ష్యం చెప్పేటోడు." పైటతో మొహం తుడుచుకుంది. "నాకు పైసలొద్దు, ఏం వద్దు. నేను సచ్చేలోపల ఒక్కలన్న అనాలె, మీ తాత దొంగ గాదని. గంతే."

దొంగ కాదని నేను అన్నాను. ఇంట్లోవాళ్లు అనడం లెక్కలోకి రాదన్నట్టు చెయ్యి ఊపింది. నాకు సిగ్గేసింది. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో మాత్రం తేలలేదు. తిరుగు బస్సులో కూర్చుని ఆ వేలం దుకాణానికి ఏమి రాయాలో ఆలోచించాను. చూసినవారి మాట ఉంది, ఆమె ఎనభై ఏళ్ల ముసలావిడ, మీ ప్రశ్న వింటే ఆమెకు గుండె ఆగినంత పనైంది అని రాద్దామనుకున్నాను. రాయలేదు. నా ఉద్యోగంలో మొదటిసారి, సంతకం లేని పని కూడా జరిగి ఉంటుందని నమ్మాను, నమ్మి ఏం చేయాలో తెలియక ఊరుకున్నాను.

ఆ తర్వాత ఒక ఏడాది గడిచిందేమో. మా అత్తగారిది మహబూబ్‌నగర్. ఆడబిడ్డ కూతురి పెళ్లికి సామాను కొనడానికి అందరం కలిసి అక్కడ గిన్నెల బజారుకు పోయాం. పేర్లు కొట్టే పెద్దాయన దుకాణం ముందే కూర్చుని ఉన్నాడు. ఇప్పుడు కరెంటు మిషన్ వచ్చింది, పెన్నుతో రాసినట్టు రాసేస్తున్నాడు. మావాళ్లు బిందెల దగ్గర బేరమాడుతుంటే నేను ఆయన పక్కన నిలబడి, ఊరికే అడిగాను, పాత పేరు తీసేయమని ఎవరైనా తెస్తే ఏం చేస్తారని.

"పైన అరగదీస్తం. మల్ల మెరుగు పెడ్తం. లోపల ఎవరు సూస్తరమ్మా?" అన్నాడు.

"లోపల ఏముంటది?"

ఆయన నా అమాయకత్వానికి జాలిపడి, పక్కనున్న పల్చటి మూత ఒకటి తీసి తిప్పి చూపించాడు. గీసి చెక్కితే లోపలికి రాదట. సుత్తెతో, అచ్చుతో కొడితే మాత్రం లోపలి వైపు ఉబ్బుతుందట. పైన ఎంత అరగదీసినా ఆ ఉబ్బు పోదట. "రేకు మెత్తదైతే ఇంకా మంచిగ తెలుస్తది. తగరమైతే వెన్న లెక్క."

ఠకఠక సప్పుడు అని అవ్వ అన్న మాట అప్పుడు నాకు గుర్తొచ్చింది. జర్మనీలో ఆ కుర్రాళ్లు పేర్లు చెక్కించుకునేది సన్నటి ఉలితో, దానికి సుత్తె అక్కర్లేదు. బోర్లు వేసేవాళ్ల దగ్గర సుత్తె ఉంటుంది, పైపుల మీద నంబర్లు గుద్దే ఇనప అచ్చులు కూడా ఉంటాయి. మా కంపెనీలో వాల్వుల మీద అలాంటి వాటితోనే కొడతారు, నేను రోజూ చూసేవే. బిందెల బేరం పూర్తయ్యేదాకా అక్కడ ఎలా నిలబడ్డానో నాకే తెలియదు.

మరుసటి వారం కేతేపల్లి పోయాను. ఈసారి ఏమీ అడగలేదు. చెంబు ఒకసారి చూస్తాను, పట్టుకుపోను, ఇక్కడే నీ ఎదురుగానే చూస్తాను అని చెప్పాను. అవ్వ ఒప్పుకోవడానికి మధ్యాహ్నం అయింది. ఎండ బాగా ఉన్నచోట చాప వేసి కూర్చున్నాం, చిన్నబాపు కూడా వచ్చి పక్కన నిలబడ్డాడు. మూత ఎత్తి లోపలివైపు వేలితో తడిమాను. నల్లగా మసిబారి ఉంది, గరుగ్గా తగిలింది.

"గా గరుకు ఎప్పటి సందో ఉన్నది. తగరం పాడైందనుకున్న" అంది అవ్వ.

పల్చని కాగితం లోపల పరిచి, పెన్సిల్ ముక్కను అడ్డంగా పట్టుకుని రుద్దాను. బడిలో నాణెం మీద కాగితం పెట్టి రుద్దేవాళ్లం, అలా. మసక మసకగా గీతలు తేలాయి, అన్నీ తిరగబడి ఉన్నాయి. కాగితాన్ని వెనక్కి తిప్పి ఎండకు ఎత్తి పట్టుకున్నాను.

నడుమ చుక్కలు చుక్కలుగా అవ్వ పేరు. అది నకిరేకల్ దుకాణంవాడిది. దాని కింద, అంచు వెంబడి, వంకరటింకరగా పెద్ద పెద్ద ఇంగ్లీషు అక్షరాలు. ఒక పొడుగాటి జర్మన్ పేరు. నడుమ రెండక్షరాలు. ఆ తర్వాత మా తాత పేరు.

మా తాత పేరును ఆయన విన్నట్టుగా రాసుకున్నాడు, చివర ఒక అక్షరం ఎక్కువైంది. అయినా అది మా తాత పేరే. నడుమ ఉన్న ఆ రెండక్షరాలు నాకు కొత్త కాదు, నాలుగేళ్లుగా వందల మూతల మీద చూసినవి. ఇచ్చినవాడి పేరు, తన ప్రియమైన, పుచ్చుకున్నవాడి పేరు. తన చదువు రోజుల్లో ఎవరో అన్న తనకిచ్చిన లోటా మీద, ఆ ముసలాయన అదే పద్ధతిలో మా తాతకు ఇచ్చినట్టు గుద్దాడు. గుద్ది, మూత మీద వేలు పెట్టి, తాత రొమ్ము మీద వేలు పెట్టి, ఇది నువ్వే అని చూపించాడు. చదవడం రాని ఇద్దరు మనుషులు నిజాయితీకి పోయి, వారం తిరక్కుండా దాన్ని గీకించారు.

నాకు కళ్లు నిండాయి. చెప్పాలా వద్దా అని ఒక్క నిమిషం ఆలోచించాను. చెబితే గీకించింది తానేనని ఆమెకు తెలుస్తుంది. చెప్పకపోతే నేనూ ఆ ఊరివాళ్ల లెక్కే. చెప్పాను. కాగితం మీద ఒక్కొక్క అక్షరం దగ్గరా వేలు పెట్టి, ఎవరి పేరు ఎక్కడుందో, నడుమ మాటకు అర్థమేమిటో రెండుసార్లు చెప్పాను.

అవ్వ కాగితాన్ని తీసుకుని చాలాసేపు ఎండకు పట్టుకుని చూసింది. చదువు రాదు గానీ గిన్నెల మీద చూసీ చూసీ తన పేరు గుర్తుపడుతుంది. దాని మీద వేలు పెట్టి, "గిది నేను" అంది. వేలు కిందికి జరిపి, "గిది ఆయిననా?" అంది.

"ఊఁ."

"నా చేతులతోని నేనే గీకిచ్చిన్న?"

అబద్ధం చెప్పలేకపోయాను. ఆమె ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. పైట అంచు సర్దుకుని, ఆ రోజుల్లో నవ్వినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టింది. ఆ పేర్లు ఇక్కడ రాయను. ఒక్కో పేరు చెప్పి చిన్నబాపు వైపు చూడటం, ఆయన తల అడ్డంగా ఊపడం. అందరూ పోయారు. "అన్నోళ్లంత పోయిన్రు. ఇప్పుడు ఎవలకు సూపియ్యాలె?" అంది. ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు.

వేలం దుకాణానికి ఆ తర్వాత ఒకటే ఉత్తరం రాశాను. పాత పేర్లు పోయాయనీ, తర్వాత ఒకరి పేరు గుద్ది ఉందనీ, అమ్మే ఆలోచన లేదనీ. వాళ్లు మళ్లీ మర్యాదగానే రాశారు, తర్వాత కలిపిన పేర్ల వల్ల ధర బాగా తగ్గుతుందని. ఒక పొట్టేలు కూడా రాదన్నమాట.

కాగితం రుద్దిన మర్నాటి సంగతి చెప్పి ముగిస్తాను. నేను ఆ రాత్రి అక్కడే ఉండిపోయాను. పొద్దున లేచేసరికి బూడిద వాసన. అవ్వ బావి గడ్డ దగ్గర కూర్చుని మూతచెంబును చింతపండు పెట్టి తోముతోంది. లోపల, బయట, మూత అడుగున, వేళ్లు నొప్పి పుట్టేలా. జర్మనీలో కొనేవాళ్లు చూస్తే అక్కడికక్కడే కూలబడేవాళ్లు. తగరం అద్దంలా మెరిసింది. లోపలి అక్షరాలు కాగితం లేకుండానే కనబడుతున్నాయి.

తొమ్మిదింటికి చిన్నబాపు ఈతకల్లు తెచ్చాడు. ఎప్పుడూ ఇంటి వెనక స్టీలు గ్లాసులో పోసుకుని తాగే అవ్వ, ఆ రోజు దాన్ని మూతచెంబులో పోయమంది. పోయించుకుని, చాప తీసుకుపోయి రోడ్డు వైపు అరుగు మీద పరిచి, నడుమ కూర్చుంది. చేతిలో మూడు రంగుల డాలు, పైన వెండిలా మెరుస్తున్న మూత. పాల డబ్బాతో పోతున్న ఒకామె ఆగింది.

"ఏందవ్వా గది, కొత్తగ కొన్నవా?"

"మా ఆయినకు జర్మనాయన ఇచ్చిండు. లోపల పేరున్నది, దా, సూడు."

ఆమె వంగి చూసింది. వెనకే గొర్రెలు తోలుకుపోతున్నవాళ్లు ఇద్దరు ఆగారు, బస్సుకు పోతున్న టీచరు ఒకాయన ఆగాడు. వాళ్లెవరికీ పాత సంగతి తెలియదు. తాతను చూసినవాళ్లు కూడా కాదు. అవ్వ అందరికీ అదే మాట మొదటినుంచీ చెప్పింది. పొద్దెక్కింది, కల్లు వాసనకు ఈగలు ముసురుకున్నాయి. మూత వేసుకో అవ్వా, అన్నీ అందులోనే పడుతున్నాయి అన్నాను. వినిపించుకోలేదు. మూత ఎత్తిపట్టుకుని, రోడ్డు మీద ఇంకెవరైనా వస్తున్నారేమోనని చూస్తూ కూర్చుంది.